ఫైమోసిస్: కోత ముందు, పరిశీలన తర్వాత

సుశ్రుత సంహిత ఫైమోసిస్‌ను క్షుద్రరోగాల్లో కలిపేసింది. అందులో దీని పేరు నిరుద్ధప్రకశం. పురుషాంగం ముందుచర్మం బిగుసుకుపోయి వెనక్కి రాదని, మూత్రం సన్నటి ధారగా పడుతుందని, నొప్పి ఉండదని రాశారు. వైద్యం మరింత ఆసక్తికరం. రెండు వైపులా తెరిచి ఉన్న చిన్న గొట్టాన్ని, ఇనుముదో కొయ్యదో లక్కదో, నెయ్యి పూసి లోపలికి దూర్చాలి. మూడేసి రోజులకు ఇంకాస్త లావు గొట్టం మారుస్తూ ద్వారాన్ని మెల్లగా వెడల్పు చేయాలి. లేదంటే అంగం కింది వైపు నిలువుగా ఉండే గీతను తప్పించి చర్మాన్ని కోయవచ్చు. శస్త్రచికిత్సకు పేరుమోసిన గ్రంథమే ఇక్కడ కత్తికి రెండో స్థానం ఇచ్చింది. వెనక్కి వెళ్లిన చర్మం తిరిగి ముందుకు రాకుండా బిగుసుకుపోవడాన్ని పరివర్తిక అని విడిగా గుర్తించింది కూడా. ఇవాళ దాన్ని పారాఫైమోసిస్ అంటారు. అది అత్యవసరంగా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి.

అలాగని అన్నీ మనవాళ్లు అప్పుడే కనిపెట్టేశారని మురిసిపోనక్కర్లేదు. పసివాడి బిగువు వేరు, పెద్దవాడి బిగువు వేరు అన్న విడదీత ఆ వర్ణనలో లేదు. చికిత్స చెప్పింది మనవాళ్లొక్కరే కాదు, మొదటి శతాబ్దపు రోమ్‌లో వైద్య గ్రంథకర్త సెల్సస్ కూడా చర్మాన్ని కింది వైపు ఎలా కోయాలో చెప్పాడు. పసివాడి బిగువునూ పెద్దవాడి బిగువునూ విడదీయడానికి వైద్యానికి ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా పట్టింది. ఫైమోసిస్ చరిత్రలో అసలు కథ ఆ ఆలస్యమే.

మధ్యలో ఒక రాజుగారి ముచ్చట. ఫ్రాన్స్ పదహారో లూయీకి 1770లో మేరీ ఆంత్వానెత్‌తో పెళ్లయింది, కాపురం మాత్రం ఏడేళ్ల దాకా కుదరలేదు. కారణం ఫైమోసిసేననీ, చివరికి ఆపరేషన్‌తో అది తీరిందనీ యూరప్ అంతా గుసగుసలాడింది. 1932లో ష్టెఫాన్ త్స్వైగ్ రాసిన రాణి జీవితచరిత్ర ఆ గుసగుసను స్థిరపరిచింది. కానీ 1776 జనవరిలో రాణి తన తల్లికి రాసిన ఉత్తరం ప్రకారం, రాజును చూసిన సర్జన్ ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. ఆపరేషన్ కథ పుకారేనని నాకనిపిస్తుంది.

ఆ ఆలస్యం వల్ల అసలు నష్టం పందొమ్మిదో శతాబ్దంలో జరిగింది. 1870లో న్యూయార్కులో లూయిస్ సేయర్ అనే ఎముకల సర్జన్ ఒక అయిదేళ్ల పిల్లవాణ్ణి పరీక్షించాడు. మోకాళ్లు వంగిపోయి, సాయం లేకుండా నడవలేని స్థితి. అంగం దగ్గర బాగా నొప్పిగా ఉందని పిల్లవాడి ఆయా హెచ్చరించింది. చూస్తే ముందుచర్మం బిగుసుకుని ఉంది. సేయర్ సున్తీ చేశాడు. పిల్లవాడు కోలుకున్నాడు, కాళ్లు నిటారయ్యాయి. ఇక సేయర్‌కు తాళంచెవి దొరికినట్టయింది. ఒకచోటి చికాకు నరాల దారిన మరోచోట పక్షవాతం తెస్తుందని ఆనాటి వైద్యులు నమ్మేవారు. ఆ లెక్కన బిగువు చర్మం సర్వరోగాలకూ మూలమైంది. సేయర్ అదే ఏడాది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సంపుటిలో ఈ సంగతి ప్రచురించాడు. పదేళ్ల తర్వాత ఆ సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు. మూర్ఛ, పక్కతడపడం, హెర్నియా, చివరికి హస్తప్రయోగం దాకా అన్నిటికీ సున్తీయే మందన్నారు. 1891లో రెమండినో అనే వైద్యుడు దీన్ని సమర్థిస్తూ ఒక పుస్తకమే రాశాడు. ఒక్క పిల్లవాడు కోలుకున్నాడని లక్షలమంది చర్మం తీసేసిన ఈ తర్కంలో, కోత లేకపోతే వాళ్లు ఏమయ్యేవారన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

ఆ ప్రశ్న 1949లో కేంబ్రిడ్జి పిల్లల వైద్యుడు డగ్లస్ గార్డ్‌నర్ అడిగాడు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆయన వ్యాసం చేసిన పని నిజానికి చాలా చిన్నది: కోయకుండా చూడటం. పుట్టినప్పుడు చర్మం పూర్తిగా వెనక్కి వచ్చే పిల్లలు నూటికి నలుగురే. ఏడాదికి సగం మందికి, మూడేళ్లకు నూటికి తొంభైమందికి దానంతటదే వదులవుతోంది. గోరు కింది కండకు అంటుకున్నట్టు, పుట్టుకలో చర్మం లోపలి పొర అంగపు శిరస్సుకు అంటుకునే ఉంటుంది. విడిపోవడానికి దానికి కాలం కావాలి. అంటే వైద్యులు జబ్బనుకున్నది చాలావరకు ఎదుగుదలే. ఇంగ్లండ్, వేల్స్‌లలో సున్తీ వల్ల ఏటా పదహారుమంది దాకా చిన్నపిల్లలు చనిపోతున్నారని కూడా ఆయన లెక్క చూపాడు. ఆ తర్వాత బ్రిటన్‌లో కోతలు వేగంగా తగ్గాయి. అమెరికా వినలేదు.

గార్డ్‌నర్ అంకెలు కూడా కాస్త తొందరపడ్డాయని 1968లో తేలింది. డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ బడిపిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించాడు. ఆరేడేళ్ల వయసులో నూటికి ఎనిమిదిమందికి బిగువుండగా, పదహారు పదిహేడేళ్లకు ఒక్కరికే మిగిలింది. మూడేళ్లకు కాకపోతే పదేళ్లకు, అదీ కాకపోతే యౌవనంలో వదులవుతుందన్నమాట. మన ఇళ్లలో స్నానం చేయించేటప్పుడు నూనె రాసి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగే అలవాటు ఇంకా ఉంది. దానివల్ల మేలు లేదు సరికదా, చిట్లిన చోట మచ్చకట్టి, లేని జబ్బు నిజంగానే రావచ్చు.

నిజమైన ఫైమోసిస్ ఏదో 1980లో సర్జన్ రిక్‌వుడ్ బృందం తేల్చిచెప్పింది. చర్మం కొస తెల్లబారి, గట్టిపడి, మచ్చకట్టి ఉంటే అది రోగం. 1928లోనే జర్మన్ వైద్యుడు ష్టూమర్ ఈ చర్మరోగాన్ని వర్ణించాడు. ఇవాళ లైకెన్ స్క్లెరోసస్ అంటారు. ఇది మూత్రద్వారానికి కూడా పాకగలదు, దీనికి సున్తీయే నమ్మకమైన వైద్యం. మచ్చ లేని బిగువుకు మాత్రం 1990ల మొదట్లో మలాం వచ్చింది. బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్‌ను బిగుసుకున్న కొస మీద రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పలుచగా రాస్తూ, నొప్పి పుట్టనంత వరకే మెల్లగా వెనక్కి జరపాలి. ఎక్కువమంది పిల్లలకు ఇది సరిపోతుంది. పూతతో పాటు మెల్లగా వదులు చేయడమనే పద్ధతి సుశ్రుతుడికి కొత్తగా అనిపించేది కాదు. మలాం పనిచేయకపోతే చర్మాన్ని ఉంచుతూనే ద్వారం వెడల్పు చేసే ప్రిప్యూషియోప్లాస్టీ ఉంది. ఆఖరున సున్తీ. లేజర్ సున్తీ అనీ స్టేప్లర్ సున్తీ అనీ వచ్చే ప్రకటనలు చూసి తేల్చుకునేది కాదిది. కోత అవసరమా కాదా అన్నది ముందు తేలాలి.

పిల్లల విషయంలో ఆగమన్న ఈ పాఠాన్ని పెద్దలకు వర్తింపజేస్తే ప్రమాదం. పెళ్లీడు దాటాక, ఏ నలభై యాభైల్లోనో, అప్పటిదాకా బాగున్న చర్మం పగుళ్లిచ్చి, దురదపెట్టి బిగుసుకుంటే ముందు రక్తంలో చక్కెర చూడాలి. షుగరు ఉందని కొందరికి మొదట తెలిసేది ఇలాగే. ఇప్పుడు దీనికి ఇంకో కారణం తోడైంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో ముగిశాక మన దేశంలో ధర బాగా దిగివచ్చింది. గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే మంచి మందులివి, కాని చర్మం కింద తీపి తడి నిలిచి ఫంగస్ పెరుగుతుంది, అది మళ్లీమళ్లీ వస్తే బిగువు మొదలవుతుంది. మాత్ర రాసిన డాక్టరుకు ఆ దురద సంగతి చెప్పడానికి మొహమాటపడి, మందుల షాపులో అడిగి ఏదో ట్యూబు కొనుక్కుని నెలలు గడిపేవాళ్లు తక్కువేం కాదు. అంగానికి వచ్చే కేన్సర్‌కు ఫైమోసిస్ తెలిసిన కారణాల్లో ఒకటి. పైగా బిగిసిన చర్మం కింద పుండు పెరుగుతున్నా కంటికి కనపడదు. అందుకే పెద్దవాళ్లకు సున్తీ చేసినప్పుడు ఏమాత్రం అనుమానం ఉన్నా, తీసిన చర్మాన్ని సర్జన్ బయాప్సీకి పంపుతాడు.