లాకీషు: ప్రాకారముగల పట్టణము

యూదా రాజ్యములో యెరూషలేము తరువాత అంత బలమైన కోటగల పట్టణము లాకీషు. అయినను మన సంఘములలో ఆ పేరు వినబడుట అరుదు. గ్రంథములో అచ్చటచ్చట చెదరియున్న సంగతులను, త్రవ్వకములలో బయల్పడిన సాక్ష్యమును ఒకచోట కూర్చి చదువరుల ముందుంచుటయే మా ఉద్దేశము.

స్థలము

యెరూషలేమునకు నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరమున, యూదా కొండలకును ఫిలిష్తీయుల మైదానమునకును నడుమ షెఫేలా ప్రదేశమున్నది. మైదానము నుండి హెబ్రోను వైపు ఎక్కు త్రోవను లాకీషు కాపు కాయుచుండెను. రాజమండ్రి నుండి గోకవరము మీదుగా మన్యమునకు పోవు త్రోవలో మన కోరుకొండ ఎట్లున్నదో తలంచుకొనిన ఇది సులభముగా బోధపడును. 1323లో ఓరుగల్లు పడిన తరువాత ముమ్మడి నాయకుడు కోరుకొండను తన రాజధానిగా చేసికొనుటకు ఈ ఉనికి కూడ తోడ్పడియుండును. మైదానమును చూచుచు కొండల త్రోవను పట్టియుంచు చోటును ఏ కాలపు రాజైనను విడువడు.

లాకీషు ఏ దిబ్బ క్రింద నున్నదను విషయములో పండితులు చాలకాలము పొరబడిరి. టెల్ ఎల్-హెసీయే లాకీషని తలంచి 1890లో ఫ్లిండర్స్ పెట్రీ అచ్చట త్రవ్వెను. అయితే అంతటి పట్టణమునకు ఆ దిబ్బ చిన్నది. 1929లో ఆల్‌బ్రైట్ పండితుడు టెల్ ఎద్-దువైర్ అను దిబ్బను చూపెను. దాని శిఖరమే సుమారు 18 ఎకరములు. యూసేబియస్ వ్రాసిన దూరపు లెక్కకును అది సరిపడుచున్నది. తరువాత కొందరు ప్రశ్నించినను నేడు అధికసంఖ్యాకులు దీనినే అంగీకరించుచున్నారు. 1932లో స్టార్కీయు, 1973 నుండి ఉస్సిష్కిన్‌యు అచ్చట త్రవ్వించిరి.

చరిత్ర

యెహోషువ రెండవ దినమున ఈ పట్టణమును పట్టుకొనెను (యెహో. 10). రెహబాము దీనిని బలపరచెను (2 దిన. 11). కుట్రకు వెరచి పారిపోయిన అమజ్యా రాజు ఇచ్చటనే చంపబడెను (2 రాజులు 14).

క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు యూదా మీదికి వచ్చి లాకీషునొద్ద దిగెను. హిజ్కియా తప్పు ఒప్పుకొని వర్తమానము పంపగా, ఆ రాజు 300 తలాంతుల వెండియు 30 తలాంతుల బంగారమును విధించెను. రబ్షాకే సైన్యముతో యెరూషలేమునకు పంపబడినదియు ఇచ్చటినుండియే. అతడు తిరిగి వెళ్లునప్పటికి రాజు లాకీషును విడిచి లిబ్నాకు పోయియుండెను (2 రాజులు 18, 19). పట్టణమునకు ఏమి సంభవించెనో రాజుల గ్రంథము చెప్పలేదు.

ఆ కథను రాళ్లు చెప్పినవి. 1840ల దశకములో లేయార్డ్ నీనెవెలో సన్హెరీబు నగరును త్రవ్వగా, ఒక గది గోడలనిండ లాకీషు ముట్టడి చెక్కబడియుండెను. ఆ శిలలు నేడు లండను బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. కోటగోడను పొడుచు యంత్రములు, గోడమీదినుండి విసరబడు దివిటీలు, కొరతవేయబడిన మనుష్యులు, ఎడ్లబండ్ల మీద సామానుతోను పిల్లలతోను చెరకు పోవు కుటుంబములు అందులో కనబడుదురు. దిబ్బ నైరుతి మూలను అష్షూరీయులు రాళ్లతో పోసిన ముట్టడి దిబ్బ నేటికిని నిలిచియున్నది. అచ్చట బాణపు మొనలు, వడిసెల రాళ్లు విస్తారముగ దొరికెను.

మరల కట్టబడిన లాకీషును బబులోనువారు ముట్టడించిరి. అజేకాయు లాకీషును మాత్రమే మిగిలిన కోటలని యిర్మీయా 34లో చదువుచున్నాము. 1935లో గుమ్మమునొద్ద గదిలో సిరాతో వ్రాసిన కుండపెంకులు 18 దొరికెను. వాటిలో ఒక జాబు వ్రాసినవాడు, లాకీషు నిప్పు గురుతులకొరకు కనిపెట్టుచున్నామనియు, అజేకా గురుతు కానరాలేదనియు తెలిపెను. కొలది కాలములోనే లాకీషును కాలిపోయెను. చెర తరువాత యూదావారు మరల అచ్చట కాపురముండిరి (నెహె. 11).

మనకు పాఠము

ఒక రాత్రిలో యెరూషలేము విడిపింపబడిన సంగతిని మనము తరచు ప్రసంగించుచున్నాము. అదే దండయాత్రలో లాకీషు కాలిపోయెను. అచ్చట ప్రార్థించినవారు లేరని చెప్పగలమా? ఒక పట్టణము ఏల నిలిచెనో, ఒకటి ఏల పడెనో గ్రంథము తూచి చెప్పదు. సీయోను పాపమునకు లాకీషు మొదలని మీకా పలికెను; అందులో రథములను నమ్మినవారి అతిశయమును వ్యాఖ్యాతలు చూచుదురు. అయితే మీకా ఆ ప్రాంతపువాడే. ఆ మాటను ఎగతాళిగా గాక ఏడ్చుచు పలికెను.

యెరూషలేమువారైతే ఏడువ నేర్చుకొనలేదు. దేవాలయముండగా మనకు భయమేమని తలంచిరి. నాటి విడుదలనే వారు ఒక ప్రాకారముగ చేసికొనిరి. 115 ఏండ్లకు, క్రీ.పూ. 586లో, అదియు కూలెను.

నూరేండ్ల పండుగలో మన గుడులను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొనుట తప్పు కాదు; వాటిని ఇచ్చిన దేవునికి స్తోత్రము. కాని అవి ప్రాకారములు కావు. మన లెక్కలో బండ్లెక్కి వెళ్లిపోయిన కుటుంబములకును చోటుండవలెను. కరవుకు, అప్పులకు, వ్యాధికి చెదరి మనలో కానరాకపోయినవారి పేర్లు ప్రతి సంఘపు పుస్తకములోను గలవు. వారిని వెదకుటతో రెండవ నూరేండ్లను ఆరంభింతుముగాక.