కాషాయం వెనుక ప్రయోగశాల

పరిటాల ఒకప్పుడు చుట్టూ కృష్ణా జిల్లా, నడుమ నైజాం ఏలుబడిగా ఉండిన ఊరు. అక్కడ చరిత్రంటే పోరాటాల మాటే ముందొస్తుంది. అందుకే మొన్న సభ ముగిశాక ఒక విద్యార్థి, "స్వామి జ్ఞానానందగారిని మన చరిత్రలో ఎక్కడ పెట్టాలండీ?" అంటే తడబడ్డాను.

గోరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి, ఐరోపా వెళ్ళి, ప్రాగులోనూ లివర్‌పూల్‌లోనూ భౌతికశాస్త్ర పరిశోధన చేశారు. పాత్రలలోంచి గాలి తోడి శూన్యం సాధించే పద్ధతులపై 1947లో ఇంగ్లీషున గ్రంథం ప్రకటించారు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుకేంద్ర పరిశోధనకు పునాది వేశారు. 1969లో మరణించారు. భక్తులు ఆయనలో యోగినే చూశారు. అభ్యుదయవాదులమైన మనం కాషాయం చూసి పేజీ తిప్పేశాం. రెండు పక్షాలూ చూసింది గుడ్డనే, పనిముట్లను కాదు.

వాల్తేరులో జరిగిన పనుల్లో ఉత్తేజిత కేంద్రకాల ఆయుర్దాయాన్ని కొలవడం ఒకటి. కోబాల్టు-57 ఇనుముగా మారేటప్పుడు ఒక గామా కిరణం వెలువడుతుంది. అప్పటికీ ఇనుప కేంద్రకం ఒక మెట్టు పైనే నిలిచి ఉంటుంది. ఆ మెట్టు అర్ధాయువు సుమారు 98 నానోసెకన్లు: సెకనును కోటి వంతులు చేస్తే ఒక వంతుకు కాస్త తక్కువ. దీన్ని ఏ గడియారం కొలుస్తుంది?

ఆ తరం ప్రయోగశాలల్లో ఉపాయం సులువైనది. మెట్టు మీదికి చేరేటప్పటి కిరణాన్ని ఒక శోధకం, దిగేటప్పటి కిరణాన్ని మరొకటి పట్టుకుంటాయి. మొదటి సంకేతాన్ని పొడుగాటి తీగ గుండా పంపి ఆలస్యం చేస్తారు. రెండూ కలిసి వచ్చిన జంటలనే లెక్కపెడతారు. తీగ పెంచినకొద్దీ జంటలు తగ్గుతాయి. ఆ తగ్గుదలే ఆయుర్దాయం చెబుతుంది. కాలాన్ని మూరలతో కొలవడమన్నమాట!

ఇంత శ్రమ దేనికి? ఒక్క ప్రోటాను కదిలితే మెట్టు దిగడానికి ఎంతసేపు పట్టాలో 1951లో వైస్కాఫ్ అంచనా ఇచ్చాడు. కొన్ని కేంద్రకాలు అంతకన్న ఎన్నో రెట్లు వేగంగా దిగుతాయి. అంటే లోపలి కణాలు అనేకం కలిసి కదులుతున్నాయి. (సామూహిక చలనం అనగానే మనవాళ్ళు చప్పట్లు కొడతారు, కేంద్రకానికి రాజకీయాలు అంటగట్టవద్దు.) ఆ చలనాన్ని సిద్ధాంతీకరించినందుకే బోర్, మోటెల్సన్, రెయిన్‌వాటర్లకు 1975లో నోబెల్ బహుమతి వచ్చింది.

అందుకే ఆ విద్యార్థితో, సన్యాసుల అధ్యాయంలో కాదు, శ్రమ చరిత్రలో పెట్టమన్నాను. రాత్రంతా కూర్చుని జంటలు లెక్కపెట్టిన పరిశోధక విద్యార్థుల పక్కన. అతడు మాత్రం తీగ దగ్గరే ఆగిపోయాడు: "98 నానోసెకన్లకు ఎన్ని మూరలండీ?" తీగలో సంకేతం నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది. లెక్కవేసి చూశాం. దరిదాపు 44 మూరలు.