జమీన్ మీది, నీళ్లు ఊరివి

“నా జమీన్, నా ఇష్టం.” కోనసీమలో వరిచేను రొయ్యల చెరువుగా మారేటప్పుడు వినిపించే మాట ఇదే. పట్టా ఆయనదే, కాదనం. కానీ ఉప్పునీరు గట్టు దగ్గర ఆగదు. పక్క చేలోకి, పడోసి బావిలోకి ఊరుతుంది.

ఈ జగడాను సుప్రీంకోర్టుకు తీసుకెళ్లింది తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్. 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ ఫైస్లా ఇచ్చారు. సగీర్ సాహెబ్ అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్. సంప్రదాయ సాగును మినహాయించి, తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తీసేయాలని, పంటభూముల్లో కొత్తవి తవ్వకూడదని, నుక్సాన్ చేసినవారే ముఆవజా కట్టాలని హుకుం. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ పెట్టి, ఆ బంధనాన్ని సడలించింది.

అయినా దర్వాజా పూర్తిగా మూసుకుపోలేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్, 1973 కోడ్‌లోనూ అదే నంబరు. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 152. ఊరి సేహత్‌కు హాని చేసే కారోబార్ సొంత స్థలంలో ఉన్నా, “ఆపు, లేదా వచ్చి జవాబు చెప్పు” అని ఆర్డీఓ మెజిస్ట్రేట్ హోదాలో ఆదేశించవచ్చు. ఒక్కరి గోడు చాలదు, నలుగురి నష్టం చూపాలి. అందుకే అర్జీతోపాటు బావినీళ్ల పరీక్ష రిపోర్టు, ఇంటింటి దస్తఖత్‌లు ఉండాలి.

చెరువు మనవాళ్లదైనా ఇంతే. పడోసి హక్ మనిషిని చూసి మారదు.