పురానాపూల్ మీద సాయంకాలపు నడక

మెదక్ నుండి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక సాయంకాలం పురానాపూల్ మీద నడచి చూడండి. గోల్కొండ వైపు నుండి మూసీ దాటుటకు 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన రాతి వంతెన ఇది. అప్పటికి చార్మినారు ఇంకా లేదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద నగరంలో వేల ప్రాణాలను బలిగొన్నది. చరిత్ర చెప్పేవారు తరచుగా అక్కడే ఆగుతారు. వైద్యునిగా నాకు ఆ తరువాతి కథే ముఖ్యం. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలతోపాటు నగరానికి భూగర్భ మురుగు కాలువలను కూడా సూచించారు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ వరదను ఆపుటయే కాక త్రాగునీటినీ ఇచ్చింది. త్రాగే నీటిలో మురుగు కలవకుంటే కలరాకు ప్రధానమైన దారి మూసుకుపోతుంది. అయితే వంతెన మధ్య నిలిచి క్రిందికి చూడండి: శుద్ధి కాని మురుగు నేటికీ మూసీలో కలుస్తూనే ఉన్నది. అన్నట్లు, వంతెన మీద కూరగాయలు కొంటే ఇంట్లో మంచినీటితో రెండుసార్లు కడగండి.