మోహాక్ ఒడ్డున పుట్టిన దరువు

కాజీపేట ప్లాట్‌ఫారం మీదో, గుత్తి జంక్షన్‌లోనో అర్ధరాత్రి రైలు కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళకి ఒక చప్పుడు గుర్తుండే ఉంటుంది. పక్క లైనులో ఆగి ఉన్న డీజిలు ఇంజను గుడగుడమంటూ కొట్టే దరువు అది. నిలకడగా సాగుతూనే మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టుండేది, అంతలోనే మళ్ళీ అందుకునేది. చెవికంటే ముందు కూర్చున్న బెంచీకి తెలిసేది. ఆ దరువు పుట్టిల్లు అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, మోహాక్ నది ఒడ్డున ఉంది. ఆ ఊరి పేరు స్కెనెక్టడీ.

ఇప్పుడు ఆ చోటికి వెళ్తే ఇంజను కనబడదు. నాట్ వీధి నది వైపు దిగేచోట 2017 ఫిబ్రవరిలో తెరిచిన కేసినో ఉంది. పక్కన హోటలు, అపార్ట్‌మెంట్లు, పడవలు కట్టుకునే రేవు ఉన్నాయి. జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) ఉద్యోగాల మీద వచ్చి నిస్కయూనా వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలు సాయంత్రం ఇక్కడికి నడకకి వస్తుంటాయి. చిన్నప్పుడు తమను సెలవులకి అమ్మమ్మగారి ఊరు చేర్చిన ఇంజను వంశం ఈ నేల మీదే మొదలైందని చాలామందికి తెలియదు. తెలియవలసిన సంగతి అది.

1848లో ఇక్కడ ఇంజన్ల కర్మాగారం పెట్టారు. ఇరవై ఏళ్ళకి, 1868లో, అందులోంచి 'జూపిటర్' అనే ఆవిరి ఇంజను బయటికొచ్చింది. దాన్ని విడి భాగాలుగా ఓడ మీద శాన్‌ఫ్రాన్సిస్కోకి పంపి, అక్కణ్ణుంచి పడవలో శాక్రమెంటో చేర్చి బిగించారు. 1869 మే 10న యూటా ఎడారిలో అమెరికా తూర్పు పడమరల పట్టాలు కలిసినప్పుడు ముక్కుకి ముక్కు ఎదురుగా నిలిచిన రెండు ఇంజన్లలో జూపిటర్ ఒకటి. రెండోదాన్ని న్యూజెర్సీలో రోజర్స్ కంపెనీ చేసింది. ఆ రోజర్స్ కూడా తర్వాత స్కెనెక్టడీ గొడుగు కిందికే వచ్చింది.

ఈ ఊరికి ఎడిసన్ రావడం వెనక కూడా రైలింజనే ఉంది. కర్మాగారంలో పెద్దపేరున్న ఇంజనీరు వాల్టర్ మెక్వీన్ పేరు మీద మరో ఇంజన్ల ఫ్యాక్టరీ కట్టబోయి, సగంలో ఆపేశారు. 1886లో ఎడిసన్ వచ్చి, పూర్తికాని ఆ రెండు షెడ్లు కొనుక్కున్నాడు. 1892లో జనరల్ ఎలక్ట్రిక్ అయినది అదే. 1901లో ఎనిమిది ఇంజన్ల కంపెనీలు కలిసి అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కో, ఏర్పడింది. దాని గుండెకాయ స్కెనెక్టడీ. లోకానికి వెలుగిచ్చేదీ, లోకాన్ని లాగేదీ తమ ఊరేనని ఇక్కడి జనం గొప్పగా చెప్పుకునేవారు. వెలుగు జీఈది, లాగుడు ఆల్కోది. ఆ మాటలో అతిశయం లేదు. 1941 నుంచి 1944 దాకా యూనియన్ పసిఫిక్ కోసం చేసిన ఇరవై అయిదు 'బిగ్ బాయ్' ఆవిరి ఇంజన్లూ ఇక్కడివే.

డీజిలు కథ అంతకు ముందే మొదలైంది. 1925లో ఆల్కో పెట్టె, జీఈ మోటార్లు, ఇంగర్‌సాల్ రాండ్ ఇంజను కలిపి మూడు వందల హార్స్‌పవర్ బండి ఒకటి చేశారు. న్యూజెర్సీ సెంట్రల్ 1000 నంబరుతో అది యార్డులో పనిచేసింది. ఇప్పుడు బాల్టిమోర్ రైలు మ్యూజియంలో ఉంది. అసలు మలుపు 1941లో వచ్చిన ఆర్ఎస్-1. ముందొక పొట్టి ముక్కు, వెనకొక పొడుగు ముక్కు, మధ్యలో డ్రైవరు గది, అంచుల వెంబడి నడవడానికి బాట. యార్డులో పెట్టెలు తోయడానికీ, మెయిన్ లైను మీద బండి లాగడానికీ అదే ఇంజను. ఇండియాలో డీజిలు ఇంజను బొమ్మ గీయమంటే పిల్లలు గీసే ఆకారం దాని వారసత్వమే. యుద్ధకాలంలో సైన్యం వీటిని తీసుకుని ఆరు ఇరుసుల రకంగా మార్పించి ఇరాన్ పట్టాల మీద నడిపింది. కొన్ని సోవియట్ దేశానికి చేరాయి. వాటిని చూసే అక్కడివాళ్ళు తమ టీఈ-1 చేసుకున్నారు.

ఇక చప్పుడు. రైలు ప్రేమికులు ఎక్కువగా మాట్లాడుకునేది దీన్ని గురించే, అందులో న్యాయముంది. ఆల్కోది నాలుగు స్ట్రోకుల ఇంజను. ప్రతి సిలిండరూ క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. పోటీదారు ఈఎమ్‌డీది రెండు స్ట్రోకులది, చుట్టుకో పేలుడు. అందుకని ఈఎమ్‌డీ చప్పుడు తేనెటీగల తుట్టెలా ఒకే గీతగా వినిపిస్తుంది. ఆల్కోలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆర్ఎస్-1లో ఉండే ఆరు సిలిండర్ల 539 ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దెబ్బలు దాదాపు లెక్కపెట్టవచ్చు. తర్వాత వచ్చిన 251 రకంలో ఆ లయ ఒరుసుకుంటూ, తడబడుతూ, గుర్రం దౌడులా ఉంటుంది. పైన టర్బో ఈల. డ్రైవరు నాచ్, అంటే ఇంజను జోరు పెంచే మెట్టు, పెంచితే ముందు దరువు బరువెక్కుతుంది, ఈల తీరిగ్గా వెనకనుంచి లేస్తుంది.

పొగ రహస్యం కూడా ఆ ఆలస్యంలోనే ఉంది. నాచ్ తిప్పగానే నూనె ఎక్కువగా వచ్చేస్తుంది. గాలి తోసే టర్బో మాత్రం పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితో తిరుగుతుంది కాబట్టి, వేగం అందుకోవడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో కాలీకాలని నూనె నల్లటి మబ్బై పైకి లేస్తుంది. ఈల పుంజుకోగానే పొగ పలచబడుతుంది. ఆవిరి ఇంజన్లు పోయాయని దిగులుపడ్డవాళ్ళు ఆల్కోని సొంతం చేసుకున్నది ఇందుకే. ఊపిరి పీల్చి వదిలే ప్రాణిలా కనబడేది అదొక్కటే. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదన్నదీ నిజమే. రోజువారీ బండ్లకి కొత్త ఇంజన్లు రావడం సరైనదే. అయినా చప్పుడు మీద మమకారం అబద్ధం కాదు.

ఆల్కోని దెబ్బతీసింది పోటీ ఒక్కటే కాదు, తొందర కూడా. యుద్ధం అయిపోగానే 1946లో 244 రకం ఇంజన్లతో కొత్త బండ్లు దింపారు. క్రాంక్‌షాఫ్టులు విరిగాయి, టర్బోలు చెడ్డాయి, రైల్వేలు ఈఎమ్‌డీ వైపు తిరిగాయి. 1950ల నడుమ 251 వచ్చేసరికి ఆ గట్టి ఇంజనుకి దక్కాల్సిన మార్కెట్టు చాలావరకు చేజారింది. 1953లో జీఈ భాగస్వామ్యం వదులుకుంది. 1960లో తానే సొంతంగా మెయిన్ లైను ఇంజన్లు అమ్మకానికి పెట్టింది. విద్యుత్ సామాను అమ్మే ఇరుగుపొరుగే పోటీకి దిగితే నిలవడం కష్టం. 1969 జనవరిలో స్కెనెక్టడీ ఆఖరి ఇంజన్లు తయారుచేసింది.

కానీ వంశం అప్పటికే సముద్రాలు దాటింది. ఇండియన్ రైల్వే 1957 నుంచి ఆల్కో దగ్గర వంద డబ్ల్యూడీఎమ్-1 ఇంజన్లు కొన్నది. 1962లో 2600 హార్స్‌పవర్, పదహారు సిలిండర్ల 251తో డబ్ల్యూడీఎమ్-2 వచ్చింది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డి అంటే డీజిలు, ఎమ్ అంటే గూడ్సుకీ ప్యాసింజరుకీ రెండింటికీ పనికొచ్చేది. సాంకేతికత కూడా ఆల్కోయే ఇచ్చింది. కాశీలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ తొలి ఇంజనును 1964 జనవరి 3న లాల్ బహదూర్ శాస్త్రి దేశానికి అంకితం చేశారు. ఆ ఒక్క రకమే రెండున్నర వేలకు పైగా తయారైంది. కరెంటు తీగలు రాకముందు తెలుగు నేల మీద ఎక్స్‌ప్రెస్‌లనీ గూడ్సులనీ ఎక్కువగా లాగినవి ఇవే. కాజీపేట, గుత్తి, మౌలాలి డీజిలు షెడ్లలో ఫిట్టర్లు వీటిని కన్నబిడ్డల్లా సాకారు. పుట్టింట్లో ఫ్యాక్టరీ మూతపడినా, 251 అత్తింట అరవై ఏళ్ళు ఏలింది.

ఇదే కుటుంబానికి ఇంకో ఘనత ఉంది. కేప్ కెనావెరల్ దగ్గర కెనెడీ అంతరిక్ష కేంద్రంలో రాకెట్లను మోసుకెళ్ళే రెండు క్రాలర్లున్నాయి. 1965 నాటి ఆ బండ్లకి ఒక్కోదానికి రెండేసి ఆల్కో పదహారు సిలిండర్ల 251లు, ఒక్కొక్కటీ 2750 హార్స్‌పవర్. స్కెనెక్టడీ ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాదే, 1969 మే నెలలో, అపోలో-11 రాకెట్‌ని వేదిక దాకా మోసిన బలం ఈ ఇంజన్లది. 2022లో ఆర్టెమిస్-1ని మోసింది కూడా ఆ రెండింటిలో ఒకటే. కాజీపేట లూపు లైనులో గుడగుడమన్న ఇంజనూ, చంద్రుడి దారి పట్టించిన ఇంజనూ అన్నదమ్ములు.

ఊరు తన వంతు చేయలేదనే చెప్పాలి. నది ఒడ్డున చదునుచేసిన ఫ్యాక్టరీలో ఒక్క షెడ్డయినా నిలిపి, ఒక్క ఇంజనైనా నడిచే స్థితిలో ఉంచి ఉంటే పిల్లలు వచ్చి వినేవారు. ఆ పని ఇప్పుడు వేరే ఊరు చేస్తోంది. మూడు గంటల కారు దూరంలో పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ ఉంది. 1901లో కలిసిన ఎనిమిది కంపెనీల్లో డిక్సన్ ఆ ఊరిదే. అక్కడ డెలావేర్-లాకవానా రైలుసంస్థ సరుకు బండ్లని నేటికీ పాత ఆల్కోలతో నడుపుతోంది. పీఏ అనే ఆల్కో రకంలో ఒకటి, పొడుగు ముక్కు అందగాడు, కూడా 2023లో అక్కడికే చేరింది. మెక్సికోలో తుప్పుపడుతున్న ఆ పెట్టెను 2000లో అమెరికా తెచ్చి, ఒరెగాన్‌లో ఏళ్ళ తరబడి బాగుచేశారు. ఒకప్పుడు అది స్కెనెక్టడీ పొరుగు రైల్వే డెలావేర్ అండ్ హడ్సన్‌దే. స్క్రాంటన్‌లోనే స్టీమ్‌టౌన్ మ్యూజియంలో బిగ్ బాయ్ 4012 నిలబడి ఉంది.

తెల్లవారకముందే లెవెల్ క్రాసింగ్ దగ్గర మైకు పట్టుకుని నిలబడే మనుషులు అక్కడ కనిపిస్తారు. కళ్ళు మూసుకుని విని ఏ రకం ఇంజనో చెప్పగలరు. గాలి ఎటు వీస్తోందో చూసుకుంటారు, బండి చుట్టుపక్కల ఎవరూ మాట్లాడకుండా సైగ చేస్తారు. ఫ్యాక్టరీ పోయిన ఊరికి మిగిలిన చరిత్ర చాలావరకు వీళ్ళ రికార్డింగుల్లో ఉంది.

ఇండియాలో బ్రాడ్‌గేజి దారులన్నీ దాదాపు తీగల కిందికి వచ్చేశాయి. ఆల్కోలు ఒక్కొక్కటిగా తప్పుకుంటున్నాయి. ఇంట్లో పాత క్యాసెట్టులోనో, ఫోనులోనో డబ్ల్యూడీఎమ్-2 చప్పుడు ఉంటే పారేయకండి. స్టేషను పేరు, తేదీ, తెలిస్తే ఇంజను నంబరు రాసిపెట్టండి. గుత్తిలోనో కాజీపేటలోనో షెడ్డులో పనిచేసిన తాతయ్య ఉంటే ఈ వేసవి సెలవుల్లోనే ఆయన పక్కన కూర్చుని, ఆయన చెప్పింది ఆయన గొంతులోనే రికార్డు చేయండి.