మదనపల్లెలో ఒక పాట

సభ ముగియగానే అందరమూ లేచి నిలుచుంటాము. 52 సెకండ్లలో జాతీయగీతం పూర్తి అవుతుంది. దాని వరుస చిన్నపిల్లలకు సైతం కంఠస్థమే. ఎవరు నేర్పినారో, ఎప్పుడు నేర్చుకున్నామో మనలో చాలామందికి జ్ఞాపకం ఉండదు. అంతగా అందరి నోళ్ళలోనూ నలిగిన పాట ఏ దారిని మన దాకా వచ్చినదో విచారించేవారు తక్కువ. ఆ దారిలో ఒక మజిలీ మన చిత్తూరు సీమలోని మదనపల్లె. 1919 ఫిబ్రవరి చివరి దినాలలో రవీంద్రనాథ ఠాగూరు అక్కడ స్వయంగా ఆ పాట పాడగా, ఐర్లండు దేశంలో సంగీతం నేర్చి వచ్చిన ఒక విదుషి దాని స్వరాలను కాగితం మీద నిలిపినారు. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్.

మదనపల్లెవారు ఈ సంగతిని గర్వంగా చెప్పుకుంటారు. చెప్పగా చెప్పగా అది కొంత పెరిగినది కూడా. జాతీయగీతానికి బాణీ కట్టినది ఆమెయే అని కొందరంటారు. బాణీ అంతా రవీంద్రునిదే, ఆమె ప్రసక్తి అనవసరమని మరికొందరంటారు. ఒకరు కవి సొత్తును ఇంకొకరికి ఇస్తున్నారు. మరొకరు ఒక స్త్రీ పడిన శ్రమను తుడిచివేస్తున్నారు. ఆమె చేసిన పని ఏమిటో సరిగా తెలియవలెనంటే మనము మొదట డబ్లిన్ నగరానికి పోవలసి ఉన్నది.

మార్గరెట్ గిలెస్పీ 1878 నవంబరు 7న ఐర్లండులోని బాయిల్ అనే ఊరిలో జన్మించినారు. డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివి, 1902లో సంగీతంలో పట్టభద్రురాలు అయినారు. ఐర్లండు నాటకరంగం కన్ను తెరుస్తున్న సంవత్సరం కూడా అదే. తమ పురాణగాథలను, పల్లె బ్రతుకులను రంగం మీదికి తేవలెనని యేట్స్ మహాకవీ ఆయన మిత్రులూ పూనుకున్నారు. నటవర్గాన్ని సమకూర్చినవారు ఫే సోదరులు. ఆ ఏటి అక్టోబరు చివర ఆ సమాజంవారు డబ్లిన్‌లో ప్రదర్శించిన నాటికలలో ‘రాజు నిద్ర’, ‘పందెపు పడవ’ అనే అర్థం గల పేర్లతో రెండు ఉన్నవి. వాటిని వ్రాసిన యువకుడు బెల్‌ఫాస్టువాడైన జేమ్స్ కజిన్స్. మరుసటి ఏడు, 1903లో, మార్గరెట్ ఆయనను వివాహమాడినారు.

ఆ నాటకరంగాన్ని వేధించిన ఒక చిక్కు మన కథకు చాల దగ్గరిది. కవి నోట పద్యం ఒక తీరున పలుకుతుంది. నటుడు చదివితే ఆ తీరు పోతుంది. పోనీ పాటగాడికి ఇత్తామా, రాగం మాటను మింగివేస్తుంది. దీనికి విరుగుడుగా యేట్స్ ఒక ప్రయోగం చేసినారు. డోల్మెట్ష్ అనే వాద్యనిర్మాత సాల్టరీ అనే తంత్రీవాద్యం తయారు చేసి ఇచ్చినాడు. దానిని మీటుతూ, పాటకూ పలుకుకూ నడిమి ఎత్తుగడలో, ఫ్లోరెన్స్ ఫార్ అనే నటి పద్యాలు వినిపించేది. ఆ ఎత్తుపల్లాలను స్వరలిపిలో వ్రాసి 1902లో అచ్చు కూడా వేసినారు. యేట్స్‌కు సంగీతజ్ఞానం లేదు. తన చెవిలో మ్రోగుతున్న దానిని కాగితం మీద పెట్టడానికి ఆయనకు సంగీతజ్ఞుల సాయం కావలసి వచ్చినది. కవి కంఠంలోని వరుసను ఇంకొకరు విని, చెడకుండ వ్రాసి ఇవ్వడం ఒక గౌరవనీయమైన పని అని ఆనాటి డబ్లిన్‌కు తెలుసును. కజిన్స్ దంపతులు ఆ గాలి పీల్చినవారు.

ఆ నాటకరంగానికీ రవీంద్రునికీ కూడా చుట్టరికం కలిసినది. 1912లో ఆంగ్ల ‘గీతాంజలి’కి పీఠిక వ్రాసినది యేట్స్. 1913 మే 17న డబ్లిన్‌లోని ఆబీ థియేటరులో రవీంద్రుని ‘డాక్‌ఘర్’ ఆంగ్లంలో ప్రదర్శితమైనది. అదే రాత్రి పాట్రిక్ పియర్స్ అనే ఉపాధ్యాయకవి వ్రాసిన ‘రాజు’ నాటికను కూడా ఆడినారు. పియర్స్ నడిపే పాఠశాల సహాయార్థం ఏర్పాటైన ప్రదర్శనం అది. జూలైలో ఐరిష్ నటులు ‘డాక్‌ఘర్’ను లండనుకు తీసుకొనిపోయి అక్కడ కూడా ఆడినారు. కవికి నోబెల్ బహుమానం వచ్చినది ఆ పిదప, ఆ సంవత్సరాంతంలో.

మార్గరెట్ ఈలోగా పియానో పాఠాలతో తృప్తి పడి ఊరుకోలేదు. 1908లో ఐరిష్ స్త్రీల వోటుహక్కు సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. ఆ ఉద్యమంలో 1910లో లండన్ హాలోవే జైలులోను, 1913లో ఐర్లండులోని టల్లమోర్ జైలులోను ఉన్నారు. దివ్యజ్ఞాన సమాజంతో పరిచయం ఆ దంపతులను 1915లో మద్రాసు చేర్చినది. అనీబిసెంటుగారి ‘న్యూ ఇండియా’ పత్రికలో జేమ్స్ ఉపసంపాదకులుగా కుదురుకున్నారు. కాని 1916 ఏప్రిల్‌లో డబ్లిన్ నగరం తిరుగుబాటు చేసినది. పియర్స్ దానికి నాయకుడు. మే 3న ప్రభుత్వం అతనిని కాల్చి చంపినది. కవులు నడిపిన ఆ తిరుగుబాటును మెచ్చుకుంటూ జేమ్స్ పత్రికలో వ్యాసం వ్రాసినారు. అప్పటికే ఆ పత్రిక మీద ప్రభుత్వం కన్ను ఎర్రచేసి ఉన్నది. జేమ్స్ ఉద్యోగం పోయినది. బిసెంటుగారు ఆయనకు చూపిన మరో చోటు, అంతకు ముందటి ఏడే స్థాపించిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల. ఆయన అక్కడ ఆంగ్లోపన్యాసకులు, తరువాత ప్రిన్సిపాలు అయినారు.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున, కొండల నడుమ ఉన్న చల్లని ఊరు. అక్కడి నుండి దక్షిణంగా పుంగనూరు, పలమనేరు దాటి పోతే, మూడు భాషలు కలిసే మూలన, మద్రాసు - బెంగుళూరు రైలు మార్గం మీద కుప్పం ఉన్నది. ఈ సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ వద్ద 18 దినాలు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. ఊరూరా తిరిగే ఆ మేళాలలో పాట వ్రాతలో ఉండదు. గురువు నోటి నుండి శిష్యుని చెవికి, అక్కడి నుండి మళ్ళీ నోటికి నడుస్తుంది. ఒక పంక్తి మరచిపోతే ప్రక్కవాడు అందుకుంటాడు. ఒక తరం మరచిపోతే అందుకునేవారు లేరు. స్వరాన్ని కాగితం మీద పెట్టే విద్య నేర్చిన మనిషి చెవితో బ్రతికే ఇటువంటి సీమకు వచ్చి చేరినది.

1917లో హోంరూలు ఉద్యమం ఉధృతమైనది. మదనపల్లె కళాశాల ప్రభుత్వపు ఆగ్రహానికి గురియై మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును కోల్పోయినది. బిసెంటుగారు అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం నెలకొల్పి, దాని కులపతిగా రవీంద్రుని ఎన్నుకున్నారు. 1919 ఆరంభంలో ఆయన దక్షిణదేశ యాత్రకు వచ్చినారు. ఉపన్యాసాలతో అలసిన కవి విశ్రాంతి కోసం మదనపల్లెలో కొద్ది దినాలు ఆగినారు.

ఆ కళాశాలలో విద్యార్థులూ అధ్యాపకులూ కూడి పాడుకునే రాత్రి ఒకటి ఉండేది. రవీంద్రుడు ఆ కూటానికి వచ్చి, తానూ ఒక పాట పాడవచ్చునా అని అడిగినారు. పాడినది ‘జనగణమన’. జేమ్స్ కజిన్స్ తరువాత వ్రాసిన దానిని బట్టి, మొదటి చరణం ముగిసేసరికే పిల్లలు పల్లవి అందుకున్నారు. వారిలో వంగభాష వచ్చినవారు ఎందరుండగలరు? సంస్కృత పదాలు చెవికి పరిచితమైనవి. వరుస సులువైనది. అంతే చాలినది. ఫిబ్రవరి 28న కవి ఆ పాటకు ‘భారతదేశపు ఉదయగీతం’ అనే పేరుతో ఆంగ్లానువాదం స్వహస్తంతో వ్రాసి, మదనపల్లె పేరు, తేదీ వేసి ఇచ్చినారు. మార్గరెట్ ఆ వరుసను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసినారు. వ్రాసిన దానిని వాయించి వినిపించగా కవి సమ్మతించినారని కళాశాల పెద్దలు చెప్పుకుంటూ వచ్చినారు.

ఇక అసలు ప్రశ్న. ఆ బాణీ ఎవరిది? రవీంద్రునిదే. ఆ పాట 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలోనే పాడబడినది. వరుస లేని పాటను మహాసభలో పాడరు. మార్గరెట్ అప్పటికి ఇంకా డబ్లిన్‌లోనే ఉన్నారు. కనుక ఆమె స్వరకర్త్రి కారు.

మరి ఆమె పని చిన్నదా? వినికిడి మీద స్వరం వ్రాయడం ఎంత కష్టమో సంగీతం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మన సరిగమలకు శ్రుతి ఎక్కడ పెట్టుకుంటే అక్కడే షడ్జం. పాశ్చాత్యుల అయిదు గీతల లిపిలో ప్రతి స్వరానికీ స్థానమూ, కాలమూ ఖాయం చేయవలెను. మన గమకాలు ఆ గీతల మీద సుఖంగా కూర్చోవు. వ్రాసేవారు ఏది స్వరమో, ఏది కంఠవిలాసమో తేల్చుకోవలెను. ఇక్కడ ఒక అదృష్టం కలిసివచ్చినది. ఈ పాట నడక హిందూస్థానీ బిలావలు ఛాయలో ఉన్నది. బిలావలు మేళం, మన ధీరశంకరాభరణం, పాశ్చాత్యుల మేజర్ స్కేలు - ఈ మూడింటి స్వరస్థానాలూ ఒకటే. వంగకవి పాడిన పాటను ఐర్లండు విదుషి తెలుగు ఊరిలో వ్రాయగలగడానికి ఈ ఉమ్మడి మెట్లు ఆధారమైనవి.

వరుసను కాస్త పరికించి వినండి. షడ్జం, రిషభం తాకి గాంధారం చేరి అక్కడే నిలబడి అడుగులు వేస్తుంది. చివర మూడు జయఘోషలు తారస్థాయి నుండి మెట్టుమెట్టుగా దిగి, నాలుగవది క్రింది నుండి మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కి, షడ్జానికి తిరిగి రాకుండ మధ్యమం మీద నిలిచిపోతుంది. పాశ్చాత్య విద్యార్థికి ఇది అసంపూర్తిగా తోచును. దానిని ‘సరిదిద్ది’ షడ్జం మీద దింపివేయాలన్న ఆశ పుట్టడం సహజం. విన్నది విన్నట్లు వ్రాసేవారి నిజాయితీకి పరీక్ష ఇటువంటి చోటులందే. ఆ ముగింపు ఈనాటికీ మధ్యమం మీదనే ఉన్నది.

ఆ పాట కళాశాలలో నిత్యం ఉదయాన పాడే గీతమైనది. విద్యార్థులతో అది వారి ఊళ్ళకు పోయినది. 1937లో వందేమాతర గీతం మీద వివాదం రేగినప్పుడు, ‘జనగణమన’నే జాతీయగీతంగా స్థిరపరచవలెనని జేమ్స్ కజిన్స్ మద్రాసు పత్రికకు లేఖ వ్రాసినారు. 1942 సెప్టెంబరులో సుభాస్ చంద్రబోసు ఉన్న సభలో, జర్మనీలోని హాంబర్గులో, దానిని వాద్యబృందం వాయించినది. 1947లో న్యూయార్కు ఐక్యరాజ్యసమితి సమావేశంలో మన ప్రతినిధివర్గాన్ని జాతీయగీతం అడుగగా, వారి వద్ద ఉన్నది ‘జనగణమన’ రికార్డు. దానినే అక్కడి వాద్యబృందం అభ్యసించి వాయించినది. 1948 ఆగస్టు 25న నెహ్రూగారు రాజ్యాంగసభలో ఈ సంగతి వివరిస్తూ, జాతీయగీతానికి మాట కన్న వరుస ముఖ్యమనీ, దేశవిదేశాల వాద్యబృందాలు వాయించగలిగినదై ఉండవలెననీ చెప్పినారు. 1950 జనవరి 24న నిర్ణయం జరిగినది.

మదనపల్లె కాగితమే న్యూయార్కు చేరినదని చెప్పనక్కరలేదు. పాటకు ఇతర దారులూ ఉన్నవి. కాని వాద్యబృందం ముందు పెట్టదగిన వ్రాత రూపం ఈ పాటకు ఎంత అవసరమో దేశమంతా 1948లో విన్నది. మార్గరెట్ ఆ పనిని 1919లోనే, ఎవరూ పురమాయించకుండ, ఒక చిన్న ఊరి కళాశాలలో చేసి పెట్టినారు.

ఆమె తక్కిన జీవితం స్త్రీల చరిత్రలోని అధ్యాయం. 1917లో భారత మహిళా సంఘం, 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడడానికి పాటుపడినారు. వాక్‌స్వాతంత్ర్యాన్ని అణచే ఆర్డినెన్సులను ధిక్కరించి 1932లో వేలూరు జైలుకు పోయినారు. ప్రాచ్యపాశ్చాత్య సంగీతాలను గూర్చి 1935లో గ్రంథం వ్రాసినారు. 1943లో పక్షవాతం ఆమెను మంచాన పడవేసినది. తాను గీతల మీద వ్రాసిన పాట స్వతంత్ర భారతానికి జాతీయగీతం అయిన రోజును ఆమె చూచినారు. 1954 మార్చి 11న ఆమె, 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలో జేమ్స్ కాలధర్మం చెందినారు.

మదనపల్లె గర్వపడడానికి ఉన్న సంగతే చాలును, దానికి మరేమీ చేర్చనక్కరలేదు. ఆ పాట అక్కడ పుట్టలేదు. అక్కడ కవి నోట పలికినది, పిల్లలు అందుకున్నారు, ఒకామె శ్రద్ధగా విని వ్రాసిపెట్టినారు.