పశువైద్యమును పంజరములోని ప్రాణియు

మా యింట మూడేండ్లు పెరిగిన తెల్లకుందేలు గడచిన వేసవిలో చనిపోయెను. దాని చావునకు కారకుడను నేనే. ముక్కు చెమ్మగిల్లి, తుమ్ములు పట్టి, మేత తగ్గించిన దానిని చూచి నా చిన్నకూతురు కంటతడి పెట్టగా, వెదురుబుట్టలో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి బయలుదేరితిని. వాకిట గాలికుంటుతో బాధపడుచున్న ఆవును పట్టుకొని నిలిచిన రైతొకడు బుట్టలోనికి తొంగిచూచి, “కుందేటికి గూడా వైద్యమా సారూ? మున్నూర్రూపాయలిస్తే ఇంగొకటి వస్తాది గదా!” అనెను. ఆ మాటలో వెక్కిరింత లేదు. అయినను నాకు సిగ్గు కలిగినది. డాక్టరుగారు ఆ యావు పని ముగించువఱకును కాచుకొనక యింటికి మరలితిని. పిల్లవానికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరపు అలమరలో నుండెను. పసిబిడ్డకు మేలుచేసిన మందు కుందేలునకు కీడుచేయదని తలచి దానినే నోటిలో పోసితిని. మూడవనాటికి విరేచనములు పట్టెను. ఐదవనాటి వేకువను చూచునప్పటికి బిగుసుకొనిపోయి యుండెను.

తరువాత విచారించి తెలిసికొన్న సంగతి యిది. కుందేలు తిన్న గడ్డి దాని గ్రుడ్డిప్రేగులోని సూక్ష్మజీవుల వలన జీర్ణమగును. పెన్సిలిన్ జాతి మందులను నోటిద్వారా ఇచ్చినచో ఆ మేలుచేయు జీవులు నశించి, విషము పుట్టించు క్లాస్ట్రీడియములు ప్రబలును. కుక్కకును, మనుష్యునకును నిత్యముగా వాడు మందే కుందేలునకు, గినీపిగ్గునకు మృత్యువగును. ఏ జంతువు వైద్యము ఆ జంతువుదే. ఇది తెలియని ప్రేమ నన్ను హంతకుని జేసినది.

రైతు మాట మాత్రము నన్ను విడువలేదు. ధరలేని ప్రాణికి వైద్యమేల? వెదకిచూడగా మన శాస్త్రముల చరిత్రయంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినట్లు కనబడెను.

ముందు మాట సంగతియే చూతము. సంస్కృతమున పశుశబ్దము మిక్కిలి విరివియైనది. చూచునది గనుక పశువని కొందఱును, పాశముచే కట్టబడినది గనుక పశువని శైవులును చెప్పుదురు. ఆ లెక్కను జీవులన్నియు పశువులే, శివుడు పశుపతి. తెలుగునకు వచ్చునప్పటికి ఆ మాట కుదించుకొనిపోయి, ఆవు, ఎద్దు, ఎనుములతో ఆగినది. చిలుకను పశువన్నచో నవ్వుదురు. ఇంగ్లీషువారి ‘వెటరినరీ’ కూడ ఇంతకంటె మేలైనది కాదు. బరువు మోయు జంతువులకు లాటిను భాషలో గల పేరునుండి అది పుట్టినది. ఆసుపత్రి పలకమీది రెండు భాషలును నా బుట్టలోని ప్రాణిని వెలుపలనే నిలిపినవి.

శాస్త్రములును మాటల దారినే నడచినవి. గుఱ్ఱమునకు శాలిహోత్రుడు, ఏనుగునకు పాలకాప్యుడు వెలసిరి. అంగరాజగు రోమపాదునకు పాలకాప్యుడు ఉపదేశించెనని చెప్పబడు హస్త్యాయుర్వేదము గజరోగములను, శస్త్రచికిత్సను కూడ విస్తరించినది. తెలుగున మనుమంచి భట్టు అశ్వశాస్త్రము రచించెను. యుద్ధము గెలువవలెనన్న గుఱ్ఱము బ్రదుకవలెను. కావుననే రాజులు ఈ విద్యను పోషించిరి. వేట వినోదమైనప్పుడు డేగకును శాస్త్రము పుట్టెను. కూర్మాచలప్రభువగు రుద్రదేవుని శ్యైనికశాస్త్రమున డేగల రోగములకు మందులు చెప్పబడినవి. కల్యాణపురమేలిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున కూర్చిన మానసోల్లాసమున కుక్కలు, కోళ్లు, పొట్టేళ్లు వినోదాధ్యాయములకెక్కినవి. మన పల్లెలలో నేటికిని కుక్కుటశాస్త్రము చేతనుంచుకొని పుంజు రంగును, దినమును లెక్కించువారు కలరు. పుంజుపై పందెమున్నది గనుక పుంజునకు శాస్త్రమున్నది.

చిలుకకో? కవులు దానికి పలుకులన్నియు నేర్పిరి. మన రాయలసీమ కవియగు పాలవేకరి కదిరీపతి శుకసప్తతిని తెలుగు చేసి, రాత్రియొక్క కథ చొప్పున దానిచేత చెప్పించెను. అన్ని కథలు చెప్పిన పక్షికి గొంతు పట్టినచో ఏమి చేయవలెనో చెప్పు శాస్త్రము మాత్రము వెలసినట్లు కానరాదు.

ఈ వరుసకు లోబడని పలుకులు రెండు కలవు. మొదటిది అశోకునిది. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలపై చెక్కబడిన శాసనములలో రెండవది, మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటుచేసితిననియు, ఇరువురకును పనికివచ్చు ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితిననియు చెప్పుచున్నది. ఉత్తరదేశపు స్తంభశాసనములలో ఆయన చంపరాదని విధించిన ప్రాణుల పట్టికలో చిలుక, గోరువంక, తాబేలు, ఉడుత కూడ నున్నవి.

రెండవది మన ముంగిట వెలుగుచూచిన గ్రంథము; దీనిగుఱించి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. 13వ శతాబ్దమున హంసదేవుడను జైనకవి మృగపక్షిశాస్త్రమను పేర 1,700లకు మించిన శ్లోకములు రచించెను. జినపురమేలు సౌదదేవుడను రాజు వేటకేగి, బెదరి పరువెత్తు మృగముల సొగసునకు కరగి, వీనిని చంపుట గాక వీనిని తెలిసికొనవలెనని కోరగా ఈ గ్రంథము పుట్టినదని కథ. తిరుపతిలో శాసనపరిశోధకులుగా నుండిన పండిత విజయరాఘవాచార్యులవారు దీని వ్రాతప్రతిని వెలికి తెచ్చిరి. సుందరాచార్యులవారు చేసిన ఇంగ్లీషు అనువాదము 1927లో కాళహస్తియందు అచ్చుపడెను. సాలెపురుగు, పాము, ఏనుగు మూడును కలిసి పేరైన ఊరిలో మృగపక్షుల పుస్తకము అచ్చగుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను నాకది ముచ్చటగా తోచును.

సింహము, ఏనుగు మొదలు పిల్లి, ఎలుకల వఱకును, పిమ్మట పక్షులును ఈ గ్రంథమున వచ్చును. జాతిభేదములు, రంగు, స్వభావము, గర్భకాలము, ఆయువు ఇందు వివరింపబడినవి. నేటి జంతుశాస్త్రమున కెదుట ఇందు నిలువని మాటలు పెక్కు కలవు. ఇది వైద్యగ్రంథమును కాదు. కాని ఈ ప్రాణి నాకేమి లాభము చేయునని అడుగక, ఇది ఎట్లు బ్రదుకునని అడిగిన పుస్తకమిది. ఆ ప్రశ్న పుట్టనిదే చిఱుప్రాణికి చికిత్స పుట్టదు. ఏడువందల యేండ్ల క్రిందట పుట్టిన ప్రశ్న అచ్చుపడిన పిమ్మటను మన బడులకుగాని, మన ఆసుపత్రులకుగాని దారి కనుగొనలేదు. ఉపాధ్యాయుడనై యుండియు నేను దానిని కుందేలు చచ్చిన తరువాతనే తెఱచితిని.

క్రొత్తవిద్య ధరల దారినే వచ్చినది. 1761లో ఫ్రాన్సు దేశపు లియాను పట్టణమున బూర్జెలా స్థాపించిన మొదటి పశువైద్యపాఠశాల వెనుక పశువుల మారియు, ఆయన అశ్వవిద్యయు నుండెను. ఇచ్చట తెల్లదొరల పటాలములకు గుఱ్ఱములు, రాబడికి ఎద్దులు కావలసెను. 1903లో మద్రాసున పశువైద్యకళాశాల వెలసెను. మన చిత్తూరు అప్పుడు ఆ రాజధానిలోనిదే. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడి మద్రాసు నగరము పొరుగుదయ్యెను. 1955లో తిరుపతిలో పశువైద్యకళాశాల నెలకొనెను. 2005లో దానిని కలుపుకొని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమేర్పడెను. ఆవును ముందు నిలిపినందుకు ఈ సంస్థలను నేను తప్పుపట్టను. రిండర్‌పెస్టు అను మారిని 2011 నాటికి భూమిమీద లేకుండజేసినది ఈ విద్యయే. ఎద్దు పడిపోయినచో ఇల్లే పడిపోవు సీమ మనది.

తిరుపతి కొండల పాదమున 1987లో జంతుప్రదర్శనశాల ఏర్పడుటతో వన్యమృగవైద్యమునకును ఇచ్చట చోటు దొరకెను. కుక్క పట్టణపు ఇండ్ల దారిని ఆసుపత్రి మెట్లెక్కెను. కుందేలు, గినీపిగ్గు మాత్రము ముందు ప్రయోగశాలలోనికి పోయినవి. 1885లో పాస్టరు వెఱ్ఱికుక్కకాటునకు తయారుచేసిన టీకా కుందేటి వెన్నుపాము నుండియే వచ్చినది. మనలను బ్రదికించుటకై దానిని చదివితిమి. దానిని బ్రదికించుటకై చదువుట ఇటీవలి మాట.

ఆ చదువు తేలికయైనది కాదు. పక్షి తన జబ్బును దాచుకొనును. అడవిలో నలతగా కనబడినది ముందుగా ఎరయగును గనుక, ఈకలు ఉబ్బించుకొని పంజరపు టడుగున కూర్చుండునాటికి రోగము ముదిరియుండును. ప్రొద్దుతిరుగుడు గింజలే మేపిన చిలుకకు ఏ విటమిను కొఱవడి శ్వాసరోగములు పట్టును. గినీపిగ్గు మనవలెనే సీ విటమినును తన యొడలిలో చేసికొనజాలదు. కుందేటి పండ్లు బ్రదికినన్నాళ్లు పెరుగును. గడ్డి లేక బిస్కత్తులు తినిపించినచో అవి అరుగక వంకరపోయి నోరు పుండగును. తాబేలునకు ఎండయే సగము మందు. గాజుతొట్టిలో నీడను పెట్టినచో చిప్ప మెత్తబడును. మనవారు లవ్ బర్డ్స్ అని పిలుచు చిన్నపిట్ట అసలు ఆస్ట్రేలియా ఎడారి గడ్డిమైదానముల బడ్జెరిగారు. పేరే తప్పుగా నేర్చినవారికి దాని ఆకలి ఎట్లు తెలియును?

ఇందు చట్టపు చిక్కొకటి కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన రామచిలుకను పంజరమున నుంచుట నేరము. 1990-91లో దేశీయపక్షుల వ్యాపారమంతయు నిషేధింపబడెను. మన మెట్టపొదలలో తిరుగు నక్షత్రతాబేలునకు 2019లో అంతర్జాతీయముగా అత్యున్నత రక్షణ లభించెను. ఇవి మంచి చట్టములు. కాని అదృష్టము తెచ్చునని తాబేలును బీరువా క్రింద దాచినవాడు అది జబ్బుపడినచో డాక్టరు కడకు పోవునా? శిక్షకు వెఱచి ఊరకుండును; ప్రాణి పోవును. పరదేశపు ప్రాణుల సంగతి వేఱు: 2022 సవరణ, 2024 నియమములు వానిలో పట్టికకెక్కిన జాతులను నమోదు చేయవలెనని విధించినవి. చిలుకను అడవికి వదలుడు, పిల్లవాడు కోరినచో కుందేలును తెండు, తెచ్చుటకు ముందు దానిని చూడగల వైద్యుడెచ్చట నున్నాడో కనుగొనుడు. నా విద్యార్థులకు నేను చెప్పునది ఇంతే.

ఒక వింత చూడుడు. మన పుంగనూరు ఆవు, మోకాళ్ల నుండి నడుము వఱకు మాత్రమే ఎత్తుండు పొట్టిజాతి, అంతరించునేమో యనిపించి పలమనేరు పరిశోధనాక్షేత్రమున కాపాడబడినది. ఇప్పుడు దానిని పట్టణములవారు ముద్దునకై ఇండ్లలో పెంచుకొనుచున్నారు. పశువే పంజరపు ప్రాణివైపు నడచివచ్చినది!

మా యింటికి రెండవ కుందేలు వచ్చి అయిదు నెలలైనది. ఈ మారు సిగ్గుపడక తిరుపతి బస్సులో బుట్టను ఒడిలో పెట్టుకొని పోయి వైద్యునకు చూపించితిని. సిరపులు అలమరలోనుండి తీసివేసితిని. కుందేలు జబ్బును బరువు ముందుగా చెప్పునని వినినది మొదలు నా కూతురు ప్రతి ఆదివారము దానిని కూరగాయల తక్కెడలో కూర్చుండబెట్టి తూచి, తేదీ వేసి నోటుబుక్కులో వ్రాయుచున్నది. గత ఆదివారము 1 కిలో 850 గ్రాములు తూగినది.